పాళీ విశేషణాలకు లింగం ప్రకారం రూపాలు కట్టడం ఎలా?

పాళీ పాత బౌద్ధ గ్రంథాల భాష. ఆ భాషలోని గాథల పుస్తకం ధమ్మపదంలో బాలవగ్గం (మూఢుల గురించిన అధ్యాయం) మొదలయ్యే గాథ, అంటే 60వ గాథ, ఇది:

దీఘా జాగరతో రత్తి, దీఘం సంతస్స యోజనం;
దీఘో బాలాన సంసారో, సద్ధమ్మం అవిజానతం.

మేలుకొని ఉన్నవాడికి రాత్రి దీర్ఘం. అలసిపోయినవాడికి యోజనం దీర్ఘం. సద్ధర్మం తెలియని మూఢులకు సంసారం దీర్ఘం. పాళీ విశేషణాలు నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలిసి ఇంకెక్కడా లేదు. 'దీఘ' అనే ఒకే మాట మూడు చోట్ల మూడు రూపాల్లో వచ్చింది. రత్తి స్త్రీలింగం కనుక దీఘా. యోజనం నపుంసకలింగం కనుక దీఘం. సంసారో పుంలింగం కనుక దీఘో.

ఇందులో ఒక సంగతి దగ్గర కాసేపు ఆగండి. దీఘా చివర 'ఆ' ఉంది, రత్తి చివర 'ఇ' ఉంది. రెండింటి చివరి శబ్దాలు కలవలేదు, అయినా వాక్యం తప్పు కాదు. విశేషణం పోల్చుకోవలసింది నామవాచకం చివరి శబ్దాన్ని కాదు, దాని లింగాన్ని, వచనాన్ని, విభక్తిని. ఆ మూడూ తెలిశాక విశేషణం తన సొంత పట్టిక ప్రకారం మారుతుంది. పాళీ మొదలుపెట్టినవాళ్ళు తడబడే చోట్లలో చాలావాటికి మూలం ఈ తేడా సరిగ్గా మనసుకు పట్టకపోవడమే. అందుకే ముందే చెబుతున్నాను.

రాత గురించి చిన్న మాట. పాళీలో ఏ, ఓ మామూలుగా దీర్ఘాలే, జంట హల్లు ముందు మాత్రం పొట్టిగా పలుకుతాయి. అందుకే ఇక్కడ నరేన, నరో అని, సెట్ఠ, సెయ్యో అని రాస్తున్నాను. కొన్ని తెలుగు లిపి ప్రతుల్లో అన్నీ దీర్ఘంగానే కనిపిస్తాయి. అవీ ఇవే మాటలు.

తెలుగు మాట్లాడేవాళ్ళకు ఇక్కడ ఒక ఇబ్బంది, ఒక సౌకర్యం రెండూ ఉన్నాయి. ఇబ్బంది ఏమిటంటే మన విశేషణం కదలదు. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి ఇల్లు, మంచి ఇళ్ళలో: 'మంచి' ఎక్కడా మారలేదు. సౌకర్యం ఏమిటంటే సంస్కృత, ప్రాకృతాల నుంచి వచ్చిన మాటల్లో లింగభేదం మన చెవికి ఎప్పటి నుంచో అలవాటే. గుణవంతుడు, గుణవతి. విద్యార్థి, విద్యార్థిని. బాలకుడు, బాలిక. ఈ జంటలన్నీ పాళీలో మళ్ళీ కలుస్తాయి. పైగా 'డు, ము, వు, లు ప్రథమా విభక్తి' అని బడిలో వల్లించినవాళ్ళకు విభక్తుల పేర్లు కొత్తగా నేర్చుకునే పని లేదు.

మొదటి మెట్టు: నామవాచకం లింగం తెలుసుకోండి

విశేషణం రూపం కట్టే ముందు అది ఏ నామవాచకం గురించి చెబుతోందో చూడాలి. పాళీ వ్యాకరణంలో విశేషణాన్ని విసేసన అని, అది వర్ణించే నామాన్ని విసేస్య అని అంటారు. మన విశేషణ, విశేష్యాలే. విశేష్యం దొరికాక దాని లింగం నిఘంటువులో చూడండి. ఊహించకండి.

ఎందుకు ఊహించకూడదంటే, తెలుగులో లింగం అర్థాన్ని బట్టి వస్తుంది, పాళీలో మాటను బట్టి వస్తుంది. మనకు చెట్టు, తీగ, పండు మూడూ అమహత్తులే. పాళీలో రుక్ఖ (చెట్టు) పుంలింగం, లతా స్త్రీలింగం, ఫల నపుంసకలింగం. ఇంకా గట్టి ఉదాహరణ మాతుగామ. ఈ మాటకు అర్థం ఆడవాళ్ళు, స్త్రీ. వ్యాకరణంలో మాత్రం పుంలింగం. బుద్ధుని ఉపదేశాల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో మాతుగామ సంయుత్తం అనే భాగమే ఉంది. అందులో 'సమన్నాగతో మాతుగామో' అని వస్తుంది. చెప్పేది స్త్రీ గురించే అయినా విశేషణం సమన్నాగతో, సమన్నాగతా కాదు. దీనికి ఎదురుగా దేవతా అనే మాట స్త్రీలింగం. ఆ వచ్చినది ఏ దేవుడైనా సరే, పక్కన విశేషణం స్త్రీలింగంలోనే ఉంటుంది.

మాట చివరి అచ్చు కొంతవరకు దారి చూపిస్తుంది. ఆకారాంతాలు దాదాపు అన్నీ స్త్రీలింగాలే: కఞ్ఞా, వేదనా, సేనా. అకారాంతం అయితే పుంలింగమో నపుంసకమో చూడాలి. ఇకార, ఉకారాలు అసలు నమ్మదగ్గ గుర్తులు కావు. ముని పుంలింగం, రత్తి స్త్రీలింగం, అట్ఠి (ఎముక) నపుంసకం. భిక్ఖు పుంలింగం, ధేను స్త్రీలింగం, చక్ఖు (కన్ను) నపుంసకం. కొత్త నామవాచకం నేర్చుకున్నప్పుడల్లా నోట్సులో లింగం కూడా పక్కనే రాసుకోండి. తర్వాత వెతుక్కోవడం చాలా విసుగు.

రెండో మెట్టు: వచనం, విభక్తి చూడండి

ఇది సులువు. పాళీలో ద్వివచనం లేదు. ఏకవచనం, బహువచనం రెండే. విభక్తులు ఏడు, వాటికి తోడు ఆలపనం, అంటే మన సంబోధన. నామవాచకం తృతీయా బహువచనంలో ఉంటే విశేషణం కూడా తృతీయా బహువచనమే. 'తెల్లని పువ్వులతో' అనాలంటే సేతేహి పుప్ఫేహి. 'పెద్ద చెట్లలో' అనాలంటే మహంతేసు రుక్ఖేసు. తెలుగులో 'తో', 'లో' ఒక్కసారి చివర పెడితే సరిపోతుంది. పాళీలో రెండు మాటలకూ పెట్టాలి.

అలాగని ఒకే విభక్తికి రెండు మూడు రూపాలున్నప్పుడు రెండు మాటలకూ ఒకే రూపం ఎంచుకోవాలన్న నియమం లేదు. ఇమస్మిం లోకే (ఈ లోకంలో) అన్న మాటలు చూడండి. ఒకటి స్మిం, ఒకటి ఏ. రెండూ సప్తమీ ఏకవచనాలే.

మూడో మెట్టు: విశేషణం ప్రాతిపదిక చూసి పట్టిక ఎంచుకోండి

నిఘంటువులో విశేషణం ప్రాతిపదికగా (విభక్తి చేరని మూల రూపంగా), లింగం లేకుండా ఉంటుంది: దీఘ, అనిచ్చ, ముదు, గుణవంతు. పాళీ విశేషణాల్లో ఎక్కువ భాగం అకారాంతాలు. గత (వెళ్ళిన), కత (చేసిన), వుత్త (చెప్పిన) వంటి భూతకృదంతాలు కూడా ఇలాగే నడుస్తాయి. కాబట్టి ఈ ఒక్క పట్టిక నోటికి వస్తే సుత్తాల్లో (బుద్ధుని ఉపదేశాల్లో) కనిపించే విశేషణాల్లో చాలావాటిని చదవగలుగుతారు. దీఘతోనే చూద్దాం.

పుంలింగం ఏకవచనం: ప్రథమ దీఘో, ద్వితీయ దీఘం, తృతీయ దీఘేన, చతుర్థి దీఘస్స లేదా దీఘాయ, పంచమి దీఘా లేదా దీఘస్మా లేదా దీఘమ్హా, షష్ఠి దీఘస్స, సప్తమి దీఘే లేదా దీఘస్మిం లేదా దీఘమ్హి, సంబోధన దీఘ.

పుంలింగం బహువచనం: ప్రథమ, సంబోధన దీఘా, ద్వితీయ దీఘే, తృతీయ, పంచమి దీఘేహి లేదా దీఘేభి, చతుర్థి, షష్ఠి దీఘానం, సప్తమి దీఘేసు.

స్త్రీలింగం ఏకవచనం: ప్రథమ దీఘా, ద్వితీయ దీఘం, తృతీయ నుంచి సప్తమి దాకా అన్నిటికీ దీఘాయ, సప్తమికి అదనంగా దీఘాయం, సంబోధన దీఘే.

స్త్రీలింగం బహువచనం: ప్రథమ, ద్వితీయ, సంబోధన దీఘా లేదా దీఘాయో, తృతీయ, పంచమి దీఘాహి లేదా దీఘాభి, చతుర్థి, షష్ఠి దీఘానం, సప్తమి దీఘాసు.

నపుంసకలింగంలో కొత్తగా నేర్చుకోవలసింది చాలా తక్కువ. ఏకవచనంలో ప్రథమ, ద్వితీయ రెండూ దీఘం. బహువచనంలో ఈ రెండూ, సంబోధన కూడా దీఘాని. ప్రథమకు దీఘా, ద్వితీయకు దీఘే అన్న రూపాలు కూడా వ్యాకరణాల్లో ఉన్నాయి. మిగతావన్నీ పుంలింగం లాగానే.

చూసి చదవడం కంటే గట్టిగా పైకి చదవడం మేలు. అదీ విడిగా కాదు, నామవాచకంతో జత చేసి. దీఘో మగ్గో, దీఘం మగ్గం, దీఘేన మగ్గేన అని పుంలింగానికి. దీఘా లతా, దీఘం లతం, దీఘాయ లతాయ అని స్త్రీలింగానికి. ఇవి కుదురుకున్నాక శబ్దం కలవని జతలకు వెళ్ళండి: దీఘా రత్తి, దీఘం రత్తిం, దీఘాయ రత్తియా. ఈ మూడో రకం జతలే నిజమైన సాధన. మొదటి రెండు రకాలతోనే ఆగిపోతే, చివరలు ప్రాసలా కలవాలన్న తప్పుడు నమ్మకం మనసులో పాతుకుపోతుంది.

ఒకే రూపం, పలు అర్థాలు

పట్టికను ఇంకోసారి చూస్తే దీఘా ఎన్ని చోట్ల ఉందో తెలుస్తుంది. పుంలింగ ప్రథమా బహువచనం, పుంలింగ, నపుంసక పంచమీ ఏకవచనం, స్త్రీలింగ ప్రథమా ఏకవచనం, స్త్రీలింగ ప్రథమా, ద్వితీయా బహువచనాలు. అప్పుడప్పుడు నపుంసక బహువచనం కూడా. మరి చదివేటప్పుడు ఏది అని ఎలా తేల్చుకోవాలి? నామవాచకమే చెప్పాలి.

కరణీయమెత్త సుత్తంలో సకల ప్రాణుల గురించి 'దీఘా వా యే వ మహంతా' అని వస్తుంది. పొడవైనవైనా, పెద్దవైనా అని అర్థం. అక్కడి దీఘా పుంలింగ బహువచనం. పక్కనున్న 'యే', 'మహంతా' ఆ సంగతి చెప్పేస్తున్నాయి. మనం మొదట చదివిన గాథలో దీఘా స్త్రీలింగ ఏకవచనం, ఆ సంగతి చెప్పింది రత్తి. అక్షరాలు చూస్తే తేడా ఏమీ లేదు.

దీనికి నాకు అన్నిటికంటే ఇష్టమైన అభ్యాసం సంయుత్త నికాయంలోని ఖంధ సంయుత్తంలో ఉంది. పంచస్కంధాలు అనిత్యం అని చెప్పే వాక్యం:

రూపం అనిచ్చం, వేదనా అనిచ్చా, సఞ్ఞా అనిచ్చా, సంఖారా అనిచ్చా, విఞ్ఞాణం అనిచ్చం.

అయిదు నామాలు, ఒక్క విశేషణం. రూపం, విఞ్ఞాణం నపుంసకలింగాలు, అందుకే అనిచ్చం. వేదనా, సఞ్ఞా స్త్రీలింగ ఏకవచనాలు, అందుకే అనిచ్చా. మరి సంఖారా? అది సంఖార అనే పుంలింగానికి బహువచనం. అక్కడి అనిచ్చా కూడా పుంలింగ బహువచనమే. వేదనా అనిచ్చా, సంఖారా అనిచ్చా పక్కపక్కన ఒకేలా వినిపిస్తాయి గానీ ఒకటి 'వేదన అనిత్యం', రెండోది 'సంస్కారాలు అనిత్యాలు'. ధమ్మపదం 277వ గాథలో 'సబ్బే సంఖారా అనిచ్చా' అన్నప్పుడు 'సబ్బే' అన్న మాట ఆ బహువచనాన్ని బయటపెడుతుంది. ఈ వాక్యం కంఠస్థం చేసి, అనిచ్చ స్థానంలో దుక్ఖ పెట్టి మళ్ళీ చెప్పి చూడండి: రూపం దుక్ఖం, వేదనా దుక్ఖా, అలా చివరిదాకా.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ విశేషణం నామానికి ముందు కాకుండా, తర్వాత ఆఖ్యాతంగా, అంటే ఆ నామం ఎలాంటిదో చెప్పి వాక్యం ముగించే మాటగా వచ్చింది. తెలుగులో అలాంటి చోట మనమూ 'మంచివాడు', 'మంచిది' అని మారుస్తాం. పాళీలో ముందున్నా మారుతుంది, వెనకున్నా మారుతుంది. 'ఏస ధమ్మో సనంతనో' (ఇది సనాతన ధర్మం) అని 5వ గాథలో విశేషణం నామం తర్వాతే వచ్చింది, ఓకారం దానికీ ఉంది.

నాలుగో మెట్టు: స్త్రీలింగం ఎలా కట్టాలో విడిగా చూడండి

పుంలింగం నుంచి నపుంసకం దాదాపు దానంతట అదే వస్తుంది. ఆలోచించవలసింది స్త్రీలింగం గురించే. అకారాంత విశేషణాలకు మామూలుగా ఆ చేరుతుంది. కొన్నిటికి మాత్రం ఈ: తరుణ, తరుణీ. కల్యాణ, కల్యాణీ. ఇవి అప్పుడు నదీ లాగా నడుస్తాయి: తరుణీ, తరుణిం, తరుణియా, బహువచనంలో తరుణియో, తరుణీహి, తరుణీనం, తరుణీసు. అలా ఏవి ఈకారం తీసుకుంటాయో కచ్చితంగా చెప్పే చిన్న సూత్రం కోసం వెతక్కండి. చదువుతూ, నిఘంటువు చూస్తూ అలవాటు చేసుకోవడమే మంచి దారి. 'అక'తో ముగిసేవి మాత్రం 'ఇకా' అవుతాయి: దాయక, దాయికా. ఉపాసక, ఉపాసికా లాగా.

ఇకార, ఉకారాంతాలు తేలిక. సుచి (శుభ్రమైన), ముదు (మృదువైన) వంటివి ప్రథమా ఏకవచనంలో మూడు లింగాల్లోనూ అలాగే ఉండగలవు. నపుంసకంలో సుచిం, ముదుం అని కూడా వస్తుంది. తేడా తర్వాతి విభక్తుల్లో తెలుస్తుంది. ముదునా హత్థేన (మృదువైన చేతితో) పుంలింగం, ముదుయా వాచాయ (మృదువైన మాటతో) స్త్రీలింగం, ముదూని పుప్ఫాని నపుంసకం. నపుంసక బహువచనానికి ధమ్మపదం 163వ గాథ చక్కగా పనికొస్తుంది: 'సుకరాని అసాధూని, అత్తనో అహితాని చ'. చెడ్డవి, తనకు హితం కానివి చేయడం తేలిక అని భావం. సుకరాని, అహితాని అకారాంతాల నుంచి వచ్చాయి, అసాధూని ఉకారాంతం నుంచి. ముగ్గురిదీ ఒకే లింగం, ఒకే వచనం.

ఈకారాంతాలు, అంటే సుఖీ, దుక్ఖీ, మేధావీ వంటివి, పుంలింగంలో ఇలా నడుస్తాయి: సుఖీ, సుఖినం లేదా సుఖిం, సుఖినా, షష్ఠికి సుఖినో లేదా సుఖిస్స, ప్రథమా బహువచనం సుఖినో లేదా సుఖీ. స్త్రీలింగంలో సుఖినీ, మేధావినీ. విద్యార్థి, విద్యార్థినిలో ఉన్న 'ని' ఇదే. నపుంసకంలో చివరి అచ్చు పొట్టిది అవుతుంది: సుఖి. సుఖినో అన్న రూపం చూసి ఓకారం ఉంది కదా అని ప్రథమా ఏకవచనం అనుకోవద్దు. కరణీయమెత్త సుత్తంలో 'సుఖినో వ ఖేమినో హోంతు' అన్నప్పుడు అవి బహువచనాలు. హోంతు అన్న క్రియే సాక్ష్యం.

వంతు, మంతు ప్రత్యయాలతో ముగిసేవి ఇంకో గుంపు. కచ్చాయన అనే పాళీ వ్యాకర్త సంప్రదాయంలో వీటిని గుణవంతు, సతిమంతు అని ఉకారంతో చెబుతారు. పుంలింగ ప్రథమ గుణవా లేదా గుణవంతో, ద్వితీయ గుణవంతం, తృతీయ గుణవతా లేదా గుణవంతేన, షష్ఠి గుణవతో లేదా గుణవంతస్స, సప్తమి గుణవతి లేదా గుణవంతే. బహువచనంలో గుణవంతో లేదా గుణవంతా, షష్ఠికి గుణవతం లేదా గుణవంతానం. స్త్రీలింగం గుణవతీ లేదా గుణవంతీ, ఇది నదీ పట్టికలో వెళ్తుంది. నపుంసకం గుణవం లేదా గుణవంతం, బహువచనం గుణవంతాని. మన గుణవంతుడు, గుణవతి ఈ పట్టికలో రెండు చివర్లా కనిపిస్తున్నారు కనుక గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు.

గచ్ఛంత (వెళ్తున్న) వంటి వర్తమాన కృదంతాలు దీనికి దగ్గరి చుట్టాలు. గచ్ఛం లేదా గచ్ఛంతో, స్త్రీలింగం గచ్ఛంతీ, నపుంసకం గచ్ఛంతం, షష్ఠి గచ్ఛతో లేదా గచ్ఛంతస్స, షష్ఠీ బహువచనం గచ్ఛతం లేదా గచ్ఛంతానం. ఇప్పుడు మొదటి గాథకు వెళ్ళి జాగరతో, అవిజానతం అన్న మాటలు చూడండి. జాగరతో షష్ఠీ ఏకవచనం, 'మేలుకొని ఉన్నవాడికి'. అవిజానతం షష్ఠీ బహువచనం, బాలాన (బాలానం) అన్న మాటకు విశేషణం. ద్వితీయలా కనిపిస్తుంది గానీ కాదు.

సాధన: ఒక భిక్షువు, ఒక భిక్షుణి

సతిపట్ఠాన సుత్తంలో పదే పదే వచ్చే మాటలు ఆతాపీ (పట్టుదల గల) సంపజానో (ఎరుక గల) సతిమా (స్మృతి గల). విపశ్యన శిబిరాలకు వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామంది ఈ మాటలు వినే ఉంటారు. మూడూ భిక్ఖు అన్న మాటకు విశేషణాలు. మూడూ పుంలింగ ప్రథమా ఏకవచనాలు. కానీ ఒకటి ఈ, ఒకటి ఓ, ఒకటి ఆ. ఎందుకంటే మొదటిది ఈకారాంతం, రెండోది అకారాంతం, మూడోది మంతు చేరినది. ఎవరి పట్టిక వాళ్ళది.

ఇప్పుడు భిక్ఖు స్థానంలో భిక్ఖునీ పెట్టండి. కాగితం మీద మీరే రాసి, తర్వాత చూసుకోండి: ఆతాపినీ సంపజానా సతిమతీ. తర్వాత దాన్ని తృతీయకు మార్చండి: ఆతాపినియా సంపజానాయ సతిమతియా భిక్ఖునియా. ఇది తడుముకోకుండా వచ్చిందంటే ఇప్పటిదాకా చెప్పిన పట్టికలు మీకు పట్టుబడినట్టే.

సమాసాలు వచ్చినప్పుడు

మంగల సుత్తం ఆరంభ వాక్యంలో ఇలా ఉంటుంది: అఞ్ఞతరా దేవతా అభిక్కంతాయ రత్తియా అభిక్కంతవణ్ణా కేవలకప్పం జేతవనం ఓభాసేత్వా. రాత్రి గడుస్తుండగా ప్రకాశమైన వర్ణం గల ఒకానొక దేవత జేతవనమంతా వెలిగించి అని. అభిక్కంతవణ్ణా చూడండి. వణ్ణ పుంలింగ నామం. కానీ ఇక్కడ అది బహువ్రీహి సమాసంలో చివర చేరింది, మొత్తం సమాసం దేవతను వర్ణిస్తోంది. అందుకని వణ్ణ తన లింగం వదిలేసి స్త్రీలింగం తీసుకుంది. 'వర్ణం గలది' అని అర్థం వస్తే, అది సొంత లింగం లేని విశేషణం అని గుర్తించండి. కొత్తవాళ్ళు ఇక్కడ వణ్ణో అనో వణ్ణం అనో ఉండాలేమో అని ఆగిపోతారు.

అదే వాక్యంలో అభిక్కంతాయ రత్తియా అన్న జత కూడా ఉంది. ఆయ, ఇయా. శబ్దం కలవని స్త్రీలింగ జతకు ఇంకో ఉదాహరణ.

విశేషణం సమాసం మొదట్లో ఉంటే దానికి ప్రత్యయం ఉండదు. 'భవతు సబ్బమంగలం' అన్న ఆశీర్వచనంలో సబ్బ మారలేదు, కారణం అది మంగలంతో కలిసి ఒకే మాట అయిపోయింది. విడదీస్తే సబ్బం మంగలం అవుతుంది. మహంతు కూడా సమాసంలో మహా అవుతుంది. విడిగా అయితే మహంతో రుక్ఖో, మహతీ సేనా, మహంతం నగరం.

సబ్బ, అఞ్ఞ, సంఖ్యలు

సబ్బ (అన్ని), అఞ్ఞ (వేరే) వంటివి సర్వనామాల పట్టికలో నడుస్తాయి. పుంలింగ ప్రథమా బహువచనం సబ్బా కాదు, సబ్బే. షష్ఠీ బహువచనం పుంలింగంలో సబ్బేసం, స్త్రీలింగంలో సబ్బాసం. అకారాంత విశేషణం పట్టిక వచ్చినవాళ్ళు ఈ రెండు మూడు తేడాలు చేర్చుకుంటే చాలు.

సంఖ్యల్లో ఒకటి, మూడు, నాలుగు లింగాన్ని బట్టి మారతాయి. ఏకో, ఏకా, ఏకం. మూడుకు తయో, తిస్సో, తీణి: తయో ఆసవా, తిస్సో వేదనా, తీణి కుసలమూలాని. నాలుగుకు చత్తారో, చతస్సో, చత్తారి: చత్తారో సతిపట్ఠానా, చతస్సో పటిపదా, చత్తారి అరియసచ్చాని. రెండు (ద్వే) అన్ని లింగాలకూ ఒకటే. అయిదు నుంచి పద్దెనిమిది దాకా సంఖ్యలకు కూడా లింగభేదం లేదు. ఈ జాబితాలన్నీ సుత్తాల్లో ఉన్నవే, కాబట్టి వీటిని చదువుకుంటే లింగంతో పాటు పాఠమూ వస్తుంది.

కంగారు పెట్టే కొన్ని చోట్లు

మనో, తపో, చేతో వంటి మాటలు ఓకారంతో ముగుస్తాయి గానీ వీటి రూపాలు వేరు. ధమ్మపదం 184లో 'ఖంతీ పరమం తపో తితిక్ఖా' అని ఉంది. తపో చూసి పరమో ఉండాలి కదా అనిపిస్తుంది. ఇక్కడ తపో నపుంసకంగా వాడారు, అందుకే పరమం. ధమ్మపదం 1వ గాథలో 'మనసా చే పదుట్ఠేన', 79వ గాథలో 'విప్పసన్నేన చేతసా'. మనసా, చేతసా తృతీయలే, విశేషణం మాత్రం తన అకారాంత పట్టిక ప్రకారం ఏన తీసుకుంది.

79లోనే 'ధమ్మపీతి సుఖం సేతి' అని ఉంది. ధర్మపానం చేసినవాడు సుఖంగా నిద్రిస్తాడు. ఇక్కడ సుఖం నామాన్ని కాదు, నిద్రించడాన్ని వర్ణిస్తోంది. నపుంసక ద్వితీయా ఏకవచనం ఇలా క్రియావిశేషణంగా పనిచేస్తుంది. కర్త ఎవరైనా, ఎంతమందైనా ఇది కదలదు. విశేష్యం ఏదో దొరకనప్పుడు ఈ అవకాశం ఒకసారి గుర్తుచేసుకోండి.

సెయ్యో (మేలైనది) ఇంకో మొండి మాట. 110వ గాథలో 'ఏకాహం జీవితం సెయ్యో, సీలవంతస్స ఝాయినో'. జీవితం నపుంసకమే, అయినా సెయ్యో అలాగే ఉండిపోయింది. దాన్ని అలాగే ఒప్పుకోవాలి. అదే గాథలో సీలవంతస్స, ఝాయినో అనే షష్ఠీ జతను కూడా గమనించండి. రెండూ పుంలింగ ఏకవచనాలే, వంతు నుంచి ఒకటి, ఈకారాంతం నుంచి ఒకటి. తర, తమ, ఇట్ఠ చేరిన మిగతా తరతమ రూపాలు మాత్రం సెట్ఠో, సెట్ఠా, సెట్ఠం అని అకారాంతాల్లా బుద్ధిగా మారతాయి.

చివరి సాధన

ధమ్మపదం 24వ గాథ తీసుకోండి:

ఉట్ఠానవతో సతీమతో, సుచికమ్మస్స నిసమ్మకారినో;
సఞ్ఞతస్స ధమ్మజీవినో, అప్పమత్తస్స యసోభివడ్ఢతి.

ఉత్సాహం, స్మృతి గలవాడు, శుచి అయిన పనులు చేసేవాడు, ఆలోచించి చేసేవాడు, సంయమనం గలవాడు, ధర్మంగా బతికేవాడు, ఏమరుపాటు లేనివాడు. అలాంటివాడి యశస్సు పెరుగుతుంది. యసో ఒక్కటే కర్త. మిగిలిన ఏడూ విశేషణాలు, ఏడూ పుంలింగ షష్ఠీ ఏకవచనాలు. కాగితాన్ని మూడు గడులుగా విడదీసి ఏడు మాటలనూ పట్టికల వారీగా సర్దండి. ఉట్ఠానవతో, సతీమతో వంతు, మంతు గడిలోకి వెళ్తాయి (ఛందస్సు కోసం సతిమతోలో ఇకారం సాగింది). నిసమ్మకారినో, ధమ్మజీవినో ఈకారాంతాల గడిలోకి. సుచికమ్మస్స, సఞ్ఞతస్స, అప్పమత్తస్స అకారాంతాల గడిలోకి. సుచికమ్మలో కమ్మ నపుంసక నామమే అయినా బహువ్రీహి కనుక ఇక్కడ వ్యక్తిని అనుసరించింది.

ఇప్పుడు గాథ ఒక స్త్రీ గురించి అనుకుని ఏడు మాటలనూ స్త్రీలింగ షష్ఠికి మార్చండి. ఛందస్సు చెడుతుంది, దాని గురించి టెన్షన్ పడొద్దు. రాసి పూర్తయ్యాకే కింది వరుసతో పోల్చుకోండి. ఏ మాటైనా తేడా వస్తే అది ఏ గడిలోదో చూసి, ఆ పట్టిక ఒక్కటే మళ్ళీ పైకి చదవండి:

ఉట్ఠానవతియా సతిమతియా సుచికమ్మాయ నిసమ్మకారినియా సఞ్ఞతాయ ధమ్మజీవినియా అప్పమత్తాయ.